పోలియో టీకా ఐదో వంతు మోతాదు: పొదుపా, రాజీయా?

లెక్కల మాస్టారు:
కండరంలోకి 0.5 మి.లీ. ఎక్కించే పోలియో ఇంజెక్షన్‌ను మన దేశంలో 2016 నుంచి 0.1 మి.లీ. చొప్పున చర్మంలోకి వేస్తున్నారు. ప్రపంచమంతటా టీకాకు కొరత ఏర్పడినందువల్లే ఈ పద్ధతి అమల్లోకి వచ్చింది. కొరత కోసం కుదించిన మోతాదును శాస్త్రీయమని సమర్థించడం నాకు సబబుగా తోచడం లేదు.

తెల్లకోటు:
మాస్టారు గారూ, కొరత మాట నిజమే కానీ, మీరు మోతాదును లెక్కించి చోటును వదిలేశారు. కండరంలో కాపలా కణాలు తక్కువ. చర్మం బయటి సూక్ష్మజీవులను అడ్డుకునే తొలి కవచాల్లో ఒకటి కనుక, అక్కడ డెండ్రిటిక్ కణాలనే ఆ కాపలా కణాలు దట్టంగా ఉండి, టీకా పదార్థాన్ని పట్టుకుని దగ్గరి లింఫ్ గ్రంథులకు చేరవేస్తాయి. 2013లో వెలువడిన క్యూబా పరీక్షలో, మొదటి చిన్న మోతాదు తర్వాత టైప్-2 (మూడు రకాల పోలియో వైరస్‌లలో రెండోది) యాంటీబాడీలు 47 శాతం పిల్లల్లోనే పుట్టాయి. పూర్తి మోతాదుతో 63 శాతం. రెండో మోతాదు తర్వాత మాత్రం చిన్న మోతాదు వారిలో 98 శాతానికి, పూర్తి మోతాదు వారిలో 100 శాతానికి చేరాయి. ఒక్క పూర్తి మోతాదుకు పట్టే మందుతో రెండు చిన్నవి వేసినా ఇంకా సగానికి పైగా మిగులుతుంది. 2016 జూన్‌లో హైదరాబాద్ మురుగునీటిలో చుక్కల మందులోని బలహీన వైరస్ మారి పుట్టిన టైప్-2 వైరస్ కనిపించాక, సుమారు 3 లక్షల మంది పిల్లలకు వేసింది ఈ 0.1 మి.లీ. టీకానే.

గోదారిగట్టు:
హైదరాబాద్ ఉదాహరణను జాగ్రత్తగా వాడాలండీ. ఇంజెక్షన్ ఏ దారిన వెళ్లినా రక్తంలో యాంటీబాడీలను పెంచి పక్షవాతాన్ని ఆపుతుంది గాని, చుక్కల మందులా పేగు గోడల్లో రక్షణను కొత్తగా నిర్మించలేదు. ఆనాటి పిల్లల్లో చాలామంది అంతకుముందే మూడు రకాల వైరస్‌లకూ పనిచేసే చుక్కలు తాగినవారు. అలాంటి పేగుల్లో పాత రక్షణను ఇంజెక్షన్ తిరిగి లేపగలదు. 2016 ఏప్రిల్‌లో చుక్కల నుంచి టైప్-2ను తొలగించాక పుట్టిన పిల్లలకు ఆ పునాది లేదు.

లెక్కల మాస్టారు:
చోటు విషయంలో నా వాదన కొంత సడలిందని ఒప్పుకుంటాను. అయితే క్యూబాలో 4, 8 నెలల వయసులో వేశారు. మన దగ్గర 6, 14 వారాలకే వేస్తున్నారు. ఆ 98 శాతాన్ని మన పిల్లలకు ఎలా అన్వయిస్తారు?

తెల్లకోటు:
నేరుగా అన్వయించలేము. ఆరు వారాల బిడ్డలో తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఇంకా మిగిలి ఉండి టీకా ప్రభావాన్ని కొంత అణచివేస్తాయి. 2023 జనవరి నుంచి వేస్తున్న మూడో చిన్న మోతాదును, అవి దాదాపు తగ్గిపోయే 9 నెలల వయసులో పెట్టారు.