బింక్‌డీ హబ్‌కి కనెక్ట్ అవుతోంది, మెయిల్ వస్తోంది, నాది మాత్రం వెళ్లట్లేదు

పాతటెర్మినల్:
రాస్ప్‌బెర్రీ పైలో బింక్‌డీ (మెయిల్ పంపి, తెచ్చే ప్రోగ్రామ్), హెచ్‌పీటీ (మెసేజ్‌లని విడదీసి, ప్యాక్ చేసేది) పెట్టుకుని ఎఫ్‌ఎస్‌ఎక్స్‌నెట్‌లో, అంటే సరదాకి నడిపే పాత తరహా మెసేజ్ నెట్‌వర్క్‌లో, నోడ్ (సొంత అడ్రస్) తీసుకున్నాను, జోన్ 21. పోల్ చేస్తే, అంటే మెయిల్ కోసం కాల్ చేస్తే, హబ్ (మెయిల్ పంచే మధ్య సిస్టమ్) పాస్‌వర్డ్ ఒప్పుకుంటోంది, మెసేజ్‌లు వస్తున్నాయి, టాస్ కూడా అవుతున్నాయి (వాటి ఏరియాల్లో పడుతున్నాయి). నేను రాసినవి స్కాన్, ప్యాక్ చేశాక అవుట్‌బౌండ్‌లో (పంపాల్సిన మెయిల్ ఉండే ఫోల్డర్‌లో) 00010064 పేరుతో ఫ్లో ఫైల్ (ఏవి పంపాలో చెప్పే జాబితా) కనిపిస్తోంది గానీ బింక్‌డీ దాన్ని ముట్టుకోదు. లాగ్‌లో ఎర్రర్ కూడా లేదు. మా ఇంటి నెట్‌కి పబ్లిక్ ఐపీ లేదు, దానివల్లేనా?

గోదారిసిసాప్:
ఐపీ వల్ల కాదండి. కాల్ చేసేది మీరే కాబట్టి బయటికి 24554 పోర్టు తెరిచి ఉంటే చాలు, ఒకే సెషన్‌లో రెండు వైపులా మెయిల్ మారుతుంది. అదే ఫోల్డర్‌లో బీఎస్‌వై ఫైల్ (ఆ నోడ్‌తో పని జరుగుతోందని చెప్పే గుర్తు) మిగిలిపోయిందేమో చూడండి, కరెంటు పోయినప్పుడు అలా ఉండిపోతుంది.

నోడ్‌లిస్ట్:
బీఎస్‌వై అడ్డుంటే అసలు పోలే జరగదు కదా అన్నా, ఆయనకి మెయిల్ వస్తోంది. నా అనుమానం బింక్‌డీ కాన్ఫిగ్‌లోని డొమైన్ లైన్ మీద. శాంపిల్ కాన్ఫిగ్‌లో అవుట్‌బౌండ్ పాత్ తర్వాత సొంత జోన్‌గా 2 ఉంటుంది, పేరు మార్చి ఆ అంకెని చాలామంది అలాగే వదిలేస్తారు. అప్పుడు బింక్‌డీ జోన్ 21 మెయిల్‌ని అవుట్‌బౌండ్ చుక్క 015 అనే ఫోల్డర్‌లో వెతుకుతుంది, 21ని హెక్సాలో (16 ఆధారంగా లెక్కించే పద్ధతిలో) రాస్తే 15 కాబట్టి. హెచ్‌పీటీ మాత్రం మీ మొదటి అడ్రస్ జోన్‌నే సొంత జోన్ అనుకుని మామూలు అవుట్‌బౌండ్‌లోనే పెడుతుంది. ఇద్దరూ కరెక్టే, చూసే చోటు వేరు, అందుకే ఎర్రర్ రాదు. అక్కడ 21 పెట్టి బింక్‌డీని మళ్లీ స్టార్ట్ చేయండి.

పాతటెర్మినల్:
వెళ్లిందండీ, టెస్ట్ ఏరియాలో జవాబు కూడా వచ్చింది, చాలా థాంక్స్! ఆ 00010064 ఏంటి మరి? రేపు ఫైడోనెట్‌లో (ఇలాంటిదే ఇంకో పాత నెట్‌వర్క్) కూడా చేరితే అక్కడ 2 పెట్టాలా?

నోడ్‌లిస్ట్:
నెట్ 1, నోడ్ 100, ఒక్కోటి నాలుగు హెక్సా అంకెల్లో. డాస్‌లో ఫైల్ పేరుకి ఎనిమిది అక్షరాలే ఉండేవి, బింక్లీటెర్మ్ (డాస్ కాలపు మెయిల్ ప్రోగ్రామ్) రోజుల్లో అందులో సరిగ్గా ఇమిడేలా చేసిన ఏర్పాటు ఇప్పటికీ అలాగే పనిచేస్తోంది, నాకైతే అది చూస్తే భలే ముచ్చటేస్తుంది. ఫైడోనెట్‌కి అదే అవుట్‌బౌండ్ వాడితే ఆ లైన్‌లో కూడా 21 ఉంచండి, ఆ అంకె ఫోల్డర్‌ది, నెట్‌వర్క్‌ది కాదు. కొత్త అడ్రస్‌ని హెచ్‌పీటీ కాన్ఫిగ్‌లో రెండోదిగానే చేర్చండి.