పాత వాషింగ్ మెషిన్, మైక్రోవేవ్‌లు, ఫ్రిజ్ విప్పాలి: ఏవి పార్టులుగా తీయాలి, ఏవి తూకానికి వేయాలి?

కొత్తపానా:

విప్పడానికి ఇవి ఉన్నాయి: ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ ఒకటి, మైక్రోవేవ్ ఓవెన్లు రెండు, సింగిల్ డోర్ ఫ్రిజ్ ఒకటి, మిక్సీలు మూడు. అన్నీ పారేసినవే, రిపేరు చేసే ఉద్దేశం లేదు. చేతిలో మల్టీమీటరు, స్క్రూడ్రైవర్లు, సాకెట్ పానాల సెట్టు, హాక్సా, ఉలి, సుత్తి ఉన్నాయి. గ్రైండర్ లేదు.

పార్టుగా అమ్ముడుపోయేది ఏది, తుక్కుగా తూకానికి వేయాల్సింది ఏది అని ఎలా తేల్చుకోవాలి? వైండింగ్ (మోటారులో చుట్టిన తీగ) రాగిదా, అల్యూమినియందా అని మోటారు పాడుచేయకుండా తెలుస్తుందా? మైక్రోవేవ్‌లో ప్లగ్గు తీసేశాక కూడా షాక్ కొట్టేది ఒకటి ఉంటుందంటారు. అది ఏది, దాన్ని ఎలా ఖాళీ చేయాలి?

రాగితీగ:

పానా పట్టుకునే ముందు రెండు పనులు చేయండి. ఒకటి, ప్రతి మెషిన్ వెనకో తలుపు అంచునో ఉండే మోడల్ నంబరు స్టిక్కరు ఫోటో తీయండి. బోర్డు గానీ, పంపు గానీ కొనేవాళ్లు మొదట అడిగేది మోడల్ నంబరే. అది పోతే పనిచేసే బోర్డు కూడా తుక్కు కిందే లెక్క. రెండు, వైర్లు పీకే ముందు కనెక్టర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోటో తీయండి. కనెక్టరును దాని లాక్ నొక్కి తీయాలి. వైరు పట్టి లాగితే బోర్డు మీది సాకెట్ విరిగి ఊడొస్తుంది.

ఇక మైక్రోవేవ్. షాక్ కొట్టేది కెపాసిటర్. వెండిరంగులో, కోలగా, మూతకి రెండు టెర్మినళ్లతో ఉన్న డబ్బా అదే. ట్రాన్స్‌ఫార్మర్‌కి దగ్గర్లోనే ఉంటుంది. మీద 2100 వోల్టులు, 1 మైక్రోఫారడ్‌కి అటూఇటూ అని రాసి ఉంటుంది. చార్జి దానంతటదే దిగిపోవడానికి లోపల సాధారణంగా 10 మెగాఓముల రెసిస్టర్ పెడతారు. అది బాగుంటే నిమిషం లోపే ఖాళీ అవుతుంది. అది తెగిపోయి ఉంటే మాత్రం చార్జి చాలాసేపు నిలబడుతుంది, ఆ సంగతి బయటి నుంచి చూస్తే తెలియదు. అందుకని ప్రతిసారీ చార్జి ఉందనే అనుకుని పనిచేయాలి.

ప్లగ్గు తీసి కనీసం పావుగంట ఆగండి. పై కవరు స్క్రూల్లో ఒకటి రెండు, మధ్యలో బొడిపె ఉన్న ఆరు మూలల రకం కావచ్చు. దానికి నడుమ చిల్లు ఉన్న బిట్ కావాలి. కవరు తీశాక ఒక చెయ్యి వెనక్కి పెట్టుకోండి. పిడికి మందమైన ఇన్సులేషన్ ఉన్న పొడవాటి స్క్రూడ్రైవరు కాడను, రంగు లేని ఇనుప బాడీకి ఆనించి, అలాగే ఉంచి దాని మొనను కెపాసిటర్ టెర్మినల్‌కి తాకించండి. తర్వాత రెండో టెర్మినల్‌కి. ఆఖరున రెండు టెర్మినళ్లనూ కలిపి తాకించండి. మొత్తం ఇంకోసారి చేయండి. చార్జి ఉంటే టప్పుమని నిప్పురవ్వ వస్తుంది, స్క్రూడ్రైవరు మొన కాస్త కరుగుతుంది. చార్జి ఉందో లేదో ముందు మీటరుతో చూద్దామనుకోవద్దు, మామూలు మల్టీమీటరు 1000 వోల్టులకి మించి తట్టుకోదు.

తర్వాత పార్టులు. గాజు పళ్లెం, దాని కింద తిరిగే చక్రాల రింగు, తలుపు దగ్గరి మైక్రోస్విచ్‌లు (ఎక్కువగా మూడు), ఫ్యాన్ మోటారు, థర్మల్ కటౌట్లు (వేడి మించితే కరెంటు ఆపేవి), పళ్లెం తిప్పే చిన్న మోటారు: ఇవి ఎప్పుడూ అడిగేవాళ్లు ఉంటారు. ఆ చిన్న మోటారు మీద వోల్టేజి చదవకుండా మాత్రం కరెంటు ఇవ్వకండి. కొన్ని నేరుగా మెయిన్స్ మీద నడుస్తాయి, కొన్ని 21 వోల్టులవి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి.

మైక్రోవేవ్ తరంగాలు పుట్టించే మాగ్నెట్రాన్‌ని ఇలా చూడండి: రెండు పిన్నుల మధ్య 1 ఓముకి లోపు రావాలి. ఏ పిన్ను నుంచైనా బాడీకి ఓపెన్ (అంటే మధ్యలో కరెంటుకి దారే లేదని) చూపాలి. బాడీకి ఏ కొంచెం రీడింగ్ వచ్చినా అది తుక్కే. తుక్కైనా సరే, దాని పింగాణీ భాగాన్ని పగలగొట్టకండి, అరగదీయకండి. కొన్నింటి పింగాణీలో బెరీలియం ఆక్సైడ్ ఉంటుంది. దాని ధూళి పీలిస్తే ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతింటాయి. బయటి ఇనుప ఫ్రేము విప్పితే ఉంగరాల్లాంటి అయస్కాంతాలు రెండు వస్తాయి. అంతవరకే తీసుకోండి.

హైవోల్టేజ్ డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చేది) మీటరు డయోడ్ రేంజిలో రెండు వైపులా ఓపెన్ చూపిస్తే పోయిందనుకుని పారేస్తారు. నిజానికి లోపల చాలా డయోడ్లు వరసగా ఉంటాయి కాబట్టి మీటరు ఇచ్చే వోల్టేజి దానికి చాలదు. 9 వోల్టుల బ్యాటరీ, డయోడ్, డీసీ వోల్టుల్లో పెట్టిన మీటరు మూడూ వరసలో కలపండి. ఒక వైపు కొన్ని వోల్టులు కనిపించి, తిప్పి పెడితే సున్నా వస్తే బాగున్నట్టే.

బేరింగు6205:

వాషింగ్ మెషిన్ గురించి చెప్తాను. మీకున్న వాటిలో పార్టులు ఎక్కువ వచ్చేది అదే.

ముందు పై మూత, తర్వాత కంట్రోల్ బోర్డు, నీళ్ల వాల్వు, ప్రెషర్ స్విచ్ (నీటి మట్టం చూసేది), తలుపు లాక్. ఆ తర్వాత వెనక పలక తీసి బెల్టు, మోటారు, హీటరు. కింద నుంచి డ్రెయిన్ పంపు, షాక్ అబ్జార్బర్లు. టబ్బుకి కట్టిన కాంక్రీటు దిమ్మలను టబ్బు స్ప్రింగుల మీద వేలాడుతుండగానే విప్పేయండి. అవి ఉండగా టబ్బు ఎత్తబోతే నడుం పడుతుంది, లేదా పాదం మీద పడుతుంది. డ్రెయిన్ ఫిల్టరు మొదటే తిప్పి కింద పళ్లెం పెట్టండి, లోపల మురుగునీళ్లు తప్పకుండా ఉంటాయి.

230 వోల్టుల పార్టులకి రీడింగులు: నీళ్ల వాల్వు కాయిల్ సుమారు 3 నుంచి 5 కిలోఓములు. డ్రెయిన్ పంపు 100 నుంచి 250 ఓముల మధ్య. 2 కిలోవాట్ల హీటరు 26 ఓముల దగ్గర రావాలి, బాడీకి ఓపెన్ ఉండాలి. ఓములు సరిగ్గా ఉన్నా బాడీకి లీకేజీ ఉన్న హీటరును పార్టుగా ఎవరికీ ఇవ్వకండి. అది ఇంకో ఇంట్లో మనిషికి షాక్ కొడుతుంది.

పంపును వేలితో తిప్పి చూడటం మీటరు కన్నా ఎక్కువ చెబుతుంది. లోపల అయస్కాంతం ఉంటుంది కాబట్టి బాగున్న పంపు చక్రం గుటుక్కు గుటుక్కుమని ఆగి ఆగి తిరుగుతుంది. చాలామంది అది పట్టేసిందని పొరబడి పడేస్తారు. ఆ పట్టు ఏమీ లేకుండా గిర్రున తిరిగితేనే లోపల ఏదో విరిగినట్టు.

మోటారుకి కార్బన్ బ్రష్షులుంటే వాటి పొడవు చూడండి. సెంటీమీటరు కన్నా తగ్గితే బ్రష్షులు అయిపోయినట్టే, కానీ మోటారు పోయినట్టు కాదు. బ్రష్షులు ఆనే రాగి పట్టీల వరస గోధుమరంగులో నున్నగా ఉంటే మోటారును అలాగే అమ్మండి. ఒకటి రెండు పట్టీలు కాలి గుంటపడితే తూకానికే.

డ్రమ్ము దగ్గర ఒక పొరపాటు మామూలుగా జరుగుతుంది. అయస్కాంతం అంటుకుంది కదా అని ఇనుములో వేసేస్తారు. స్టీలులో 304 రకానికి అయస్కాంతం దాదాపు అంటుకోదు గానీ, 430 రకానికి బాగానే అంటుకుంటుంది. రెండూ స్టెయిన్‌లెస్సే. తుప్పు లేకుండా మెరుస్తుంటే విడిగా పెట్టి, ఏ రకమో చెప్పి అమ్మండి. డ్రమ్ము వెనక మూడు కాళ్ల బ్రాకెట్ సాధారణంగా అల్యూమినియం మిశ్రమం. దాని మధ్య ఇరుసు మాత్రం ఉక్కు, కాబట్టి బ్రాకెట్‌ని శుద్ధ అల్యూమినియంలో కలపొద్దు. బ్రాకెట్ బోల్టులు సబ్బునీళ్లకి పట్టేసి ఉంటాయి. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలి, పొద్దున సాకెట్ పానాతో తిప్పండి. బయటి టబ్బు రెండు ముక్కలనూ కలిపి కరిగించి అతికిన రకమైతే స్క్రూలు వెతకొద్దు, అతుకు వెంట హాక్సాతో కోయడమే.

బేరింగులు రెండు ఉంటాయి, నంబరు అంచు మీదే చెక్కి ఉంటుంది. నీళ్లు దిగి గరగరమనే బేరింగు పార్టుగా పనికిరాదు, ఇనుములోకే.

రాగితీగ:

వైండింగ్ సంగతి మిగిలిపోయింది. రంగు నమ్మొద్దు. అల్యూమినియం తీగకి కూడా రాగిరంగు ఎనామెల్ వేస్తారు. కాయిల్ నుంచి బయటకొచ్చే తీగ కొస మీద బ్లేడుతో ఎనామెల్ గీకండి. తెల్లగా మెరిస్తే అల్యూమినియం. ఎర్రగా వచ్చినా ఆగకండి, ఆ కొసను కటింగ్ ప్లయర్‌తో తుంచి అడ్డుకోత చూడండి. అంచున ఎర్రటి పొర, నడుమ తెలుపు కనిపిస్తే అది రాగిపూత వేసిన అల్యూమినియం. కాయిల్ చేతిలోకి వచ్చాక తూకమే చెప్పేస్తుంది, ఒకే పరిమాణంలో రాగి అల్యూమినియం కన్నా మూడింతలకి పైగా బరువు.

మైక్రోవేవ్ ట్రాన్స్‌ఫార్మర్‌లో లావు తీగ కాయిల్ అల్యూమినియం కావడం మామూలే. తీసే ముందే గీకి చూసుకుంటే గంట పని మిగులుతుంది. రాగి అయితే, కోర్ (కాయిల్ నడుమ ఇనుప దిమ్మ) అంచుకి సమానంగా ఒక పక్క హాక్సాతో కోసి, రెండో పక్కకి కర్రముక్కతో కొట్టి దించండి. మోటారు స్టేటర్ (తిరగని భాగం) కూడా అంతే. ఒక వైపు కాయిల్ తలలను ఉలితో నరికి, రెండో వైపు నుంచి కొక్కెంతో లాగండి. కళ్లద్దాలు తప్పనిసరి, తీగ తెగిన కొస స్ప్రింగులా ఎగురుతుంది.

తీగల ప్లాస్టిక్ వదిలించడానికి కాల్చే పద్ధతి వద్దే వద్దు. పీవీసీ కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి, డయాక్సిన్లు వస్తాయి. పైగా రాగి నల్లబడి కాలిన రకంలోకి దిగుతుంది. లావు వైర్లను బ్లేడుతో పొడుగునా చీల్చి తీస్తే మెరిసే రాగిగా వేరే రేటు పడుతుంది. సన్న వైర్లకి ఆ శ్రమ గిట్టదు, తొడుగుతోనే వేయండి. టంకం అంటిన కొసలు మెరిసే రాగిలో కలిపితే మొత్తం కట్ట రెండో రకం అవుతుంది. కొసలు ముందే తుంచేయండి.

కొత్తపానా:

చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలు. ఫ్రిజ్ వెనక నల్లటి జాలీ గొట్టం రాగేనా? ఒక గొట్టం కోసి గ్యాసు వదిలేసి కంప్రెసర్ తీసేయొచ్చా?

చల్లగాలి:

కోయకండి. కంప్రెసర్ మీది స్టిక్కరు చూడండి. ఆర్600ఎ అని ఉంటే అది ఐసోబ్యూటేన్, మంటలంటుకునే గ్యాసు. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో కొన్ని పదుల గ్రాములే ఉంటుంది. కానీ గాలి కన్నా బరువు కాబట్టి మూసిన గదిలో నేల మీద పేరుకుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. ఆర్134ఎ అయితే అంటుకోదు గానీ, భూమిని వేడెక్కించడంలో అదే బరువు కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకి పైగా బలమైనది. ఆర్12 అయితే ఓజోన్ పొరను తినేది. మూడింటిలో ఏదైనా, గ్యాసు లాగి సిలిండరులో పట్టే మెషిన్ ఉన్న ఏసీ మెకానిక్కు చేతే తీయించాలి.

జాలీ గొట్టం ఎక్కువ ఫ్రిజ్‌లలో ఉక్కే. కొన్నిటికి పైన రాగిపూత ఉంటుంది, రంగు గీకితే ఎర్రగా కనిపించి మోసం చేస్తుంది. అయస్కాంతం పెట్టి చూడండి. కంప్రెసర్ దగ్గరి పొట్టి గొట్టాలు, సన్నటి క్యాపిలరీ ట్యూబు మాత్రమే చాలావాటిలో రాగి. అంత కొంచెం రాగి కోసం గ్యాసు వదలడం న్యాయం కాదు.

గ్యాసు తీసేలోపు చేసుకోదగ్గ పని చాలా ఉంది. అల్మారా పలకలు, కూరగాయల డబ్బా, తలుపు రబ్బరు, థర్మోస్టాట్, కంప్రెసర్ పక్కన గుచ్చిన రిలే (దాన్ని స్టార్టు చేసేది), ఓవర్‌లోడ్ (లోడు మించితే కరెంటు ఆపేది). థర్మోస్టాట్ సన్న గొట్టాన్ని మడత పడకుండా వెడల్పుగా చుట్టండి, నలిగితే లోపలి గ్యాసు పోయి అది పనికిరాదు. తలుపు రబ్బరు గాడిలోంచి మూల నుంచి మెల్లగా లాగి పరిచి పెట్టండి. మడిచి పెడితే ఆ మడత పోదు.

కంప్రెసర్ మంచిదో కాదో ఇప్పుడే తెలుసుకోవచ్చు. రిలే పీకేస్తే మూడు పిన్నులు కనిపిస్తాయి. జతలుగా మూడు రీడింగులు తీయండి. పెద్ద రీడింగు మిగతా రెండింటి మొత్తానికి సమానం కావాలి. ఉదాహరణకి 12, 20, 32. పిన్ను నుంచి ఉక్కు బాడీకి ఓపెన్ ఉండాలి. ఈ రెండూ సరిపోతే వైండింగ్ బాగున్నట్టు, లోపలి పంపు సంగతి మాత్రం నడిపి చూస్తేనే తెలుస్తుంది. గ్యాసు తీశాక, తూకానికి వేసే కంప్రెసర్‌ని బోర్లించి గొట్టాల్లోంచి నూనె మొత్తం డబ్బాలోకి వంచండి. నూనె ఉండగా మంటతో గానీ గ్రైండర్‌తో గానీ కోస్తే అంటుకుంటుంది. పార్టుగా అమ్మేదైతే నూనె వంచొద్దు, తీసిన వెంటనే గొట్టాల నోళ్లు మూయండి. మూయకపోతే తేమ లోపలికి పోతుంది, తర్వాత అది పార్టుగా చెల్లదు.

గోడల్లోని ఫోమ్ చీల్చకండి. దాని గుల్లల్లో కూడా ఊదిన గ్యాసే ఉంటుంది. డబ్బా మొత్తంగా రీసైక్లింగ్ వాళ్లకి ఇవ్వాలి.

బేరింగు6205:

మిక్సీలు మరచిపోయారు. వాటిలో అమ్ముడుపోయేవి జార్ కింది కప్లర్ (మోటారును జారుకి కలిపే పళ్ల ముక్క), స్పీడు స్విచ్, ఓవర్‌లోడ్ బటన్, బ్రష్ హోల్డర్లు. కప్లర్ చాలా మోడళ్లలో ఎడమచేతి మర, కాబట్టి కుడివైపు తిప్పితేనే వదులుతుంది. మామూలు మర అనుకుని ఎడమవైపు బిగించి తిప్పితే ప్లాస్టిక్ పళ్లు చిట్లిపోతాయి. ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) బాగుందో లేదో తేల్చడానికి రాగి పట్టీలను పక్కపక్క జతలుగా మీటరుతో చుట్టూ చూసుకుంటూ పోండి. అన్నీ దాదాపు ఒకే రీడింగు రావాలి. ఒక్క జత వేరుగా చూపిందంటే అక్కడ తీగ తెగినట్టో, కలిసిపోయినట్టో. బాగున్న ప్రతి పార్టుకి కాగితం టేపు అంటించి మోడల్ నంబరు, మీటరు రీడింగు రాసి పెట్టండి.