అద్దాల మీటింగ్ రూమ్‌లో ఎకో, మైకులు మార్చాలా?

ప్రశ్న: మాదాపూర్‌లో మా ఆఫీసు కొత్త ఫ్లోర్ పని నడుస్తోంది. 14 మంది కూర్చునే గది, రెండు వైపులా అద్దాలే, కింద టైల్స్. సీలింగ్ మైకులు పెట్టాం కానీ అవతలివాళ్లకు మా మాట బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తోందట. సోమవారం క్లయింట్ కాల్, బాగా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మైకులు మార్చకండి అన్నా, డబ్బు దండగ. గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి, శబ్దం ‘టంగ్’మని సాగితే అద్దాల మధ్య కొట్టుకుంటున్నట్టే. కార్పెట్, ఖాళీ గోడకు అకౌస్టిక్ ప్యానెల్స్ (శబ్దాన్ని పీల్చుకునే పలకలు), అద్దాలకు మందపాటి కర్టెన్లు కావాలి. సోమవారానికి అంత కుదరదు కాబట్టి టేబుల్ మైకు తెచ్చి పెట్టండి, నోటికి దగ్గరగా ఉంటే గది మోత తక్కువ పడుతుంది.

ఇంకో జవాబు: ఫాల్స్ సీలింగ్ మూసేశారా? ఎకో సంగతి వేరు, మూయకపోతే ముందు వీడియో కాల్ కెమెరా నుంచి కంప్యూటర్‌కు వెళ్లే కేబుల్ కొలవండి. మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లు దాటితే నమ్మలేం, క్యాట్6 (నెట్‌వర్క్ కేబుల్) మీద ఎక్స్‌టెండర్, అంటే యూఎస్‌బీ సిగ్నల్‌ను దూరం పంపే పరికరం వేయాలి. మేం అది చూసుకోక, పెయింట్ కూడా అయ్యాక సీలింగ్ మళ్లీ కోయించాం.

ప్రశ్న అడిగినవారు: చప్పట్లు కొట్టి చూశాను, మీరన్నట్టే మోగింది. కేబుల్ 9 మీటర్లుంది! సీలింగ్ పని ఇప్పుడే ఆపించాను. చాలా థాంక్స్ అన్నా.