డిప్రెషన్ తగ్గాక మందులు ఆపేయొచ్చా?

వెన్నెల:
మా తమ్ముడికి మొదటిసారి డిప్రెషన్ వచ్చి ఎస్సిటాలోప్రామ్ వాడుతున్నాడు. రెండు నెలలుగా మామూలు మనిషయ్యాడు, నిద్రా ఆకలీ గాడిన పడ్డాయి. ఇక మాత్రలు మానేస్తానంటున్నాడు. ఇంట్లో అందరిదీ అదే మాట. మీరేమంటారు?

గగనం:
మానేయమనే అంటాను. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గడం వల్లే డిప్రెషన్ వస్తుందనడానికి గట్టి ఆధారాలు లేవని 2022లో ఒక పెద్ద సమీక్ష తేల్చింది కదా. కారణమే రుజువు కానప్పుడు జీవితాంతం మాత్రలు మింగడం దేనికి?

మధుమాలతి:
గగనం గారూ, ఆ సమీక్ష జబ్బుకు కారణం గురించి. మందు పనిచేస్తుందా లేదా అన్నది వేరే సంగతి. 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 522 ట్రయల్స్ కలిపి చూస్తే, 21 డిప్రెషన్ మందులూ పెద్దవాళ్ళలో ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గానే పనిచేశాయి. తేడా మరీ పెద్దదేం కాదు, కానీ ఉంది. అయినా జీవితాంతమని ఎవరన్నారండీ? మొదటిసారి వచ్చినవాళ్ళను, లక్షణాలు పోయాక కనీసం ఆరు నెలలు, ఏ డోసుతో జబ్బు తగ్గిందో అదే డోసులో కొనసాగించమంటారు. తిరగబెట్టే ప్రమాదం ఎక్కువగా ఉండేది ఆ నెలల్లోనే. రెండు నెలలకే మానడం తొందరపాటు.

గగనం:
బ్రిటన్‌లో ఆంట్లర్ అనే ట్రయల్ జరిగింది. ఏళ్ళ తరబడి వాడి, బాగున్నవాళ్ళనే తీసుకున్నారు. ఏడాదిలో కొనసాగించినవాళ్ళలో 39 శాతం మందికి, ఆపినవాళ్ళలో 56 శాతం మందికి తిరగబెట్టింది. అంటే ఆపినా నూటికి 44 మంది బాగానే ఉన్నారు. వాళ్ళకు లైంగిక ఇబ్బందులు, మనసు మొద్దుబారడం ఎందుకు?

మధుమాలతి:
ఆ ఇబ్బందులు నిజమే, డాక్టర్లు వాటిని తేలిగ్గా తీసిపారేస్తే నాకూ కోపం వస్తుంది. కానీ ఆ 44 మందిలో తమ్ముడు ఉంటాడో లేదో ముందే చెప్పే పరీక్ష లేదు.

వెన్నెల గారూ, ఎప్పుడు ఆపినా డాక్టరుకు చెప్పి, డోసు అంచెలంచెలుగా, చివర్లో మరీ నెమ్మదిగా దించమనండి. ఉన్నట్టుండి మానేస్తే కొద్ది రోజుల్లోనే తల తిరగడం, తలలో కరెంటు షాకు కొట్టినట్టుండటం, చిరాకు మొదలవ్వచ్చు. అది మందు మానిన ప్రభావం, చాలామంది జబ్బే తిరిగొచ్చిందని హడలిపోతారు. జబ్బు తిరగబెట్టేది సాధారణంగా వారాల మీద, చడీచప్పుడు లేకుండా: ఫోన్ ఎత్తడు, తెల్లవారుజామునే మెలకువొచ్చి మళ్ళీ నిద్ర పట్టదు, ఇష్టమైన పని మీదా మనసు పోదు. ఏది ఎప్పుడు మొదలైందో రాసిపెట్టండి. డోసు దించడం నిదానించాలా, చికిత్స మళ్ళీ మొదలుపెట్టాలా అన్నది డాక్టరు దాన్ని చూసే చెప్పగలరు. చనిపోవాలన్న మాట వస్తే మాత్రం రాసుకుంటూ కూర్చోకండి, ఆ రోజే తీసుకెళ్ళండి.