క్వార్టర్‌బ్యాక్ (క్యూబీ) పరిగెత్తుతుంటే తలకి తగిలినా టార్గెటింగ్ కాదా?

అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్ రూల్స్ బాగా తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి, మా రూమ్‌లో ఈ గొడవ తెగట్లేదు. 2024 అక్టోబర్ 5న కాల్ (కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్కిలీ) మీద మయామి యూనివర్సిటీ 39-38తో గెలిచిన మ్యాచ్ గురించే. చివర్లో కాల్ క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరే ఆటగాడు) బాల్ పట్టుకుని పరిగెత్తాడు, మయామి డిఫెండర్ వచ్చి గుద్దాడు, హెల్మెట్‌కి హెల్మెట్ తగిలింది, వీడియో రివ్యూ చేసి కూడా టార్గెటింగ్ (ప్రమాదకరంగా గురిపెట్టి గుద్దే ఫౌల్) కాదన్నారు. స్లో మోషన్‌లో ఎన్నిసార్లు చూసినా నాకైతే ఫౌల్‌లాగే ఉంది.

రూల్‌బుక్ తీసి చదివా. 9-1-3 ప్రకారం హెల్మెట్ పైభాగంతో, అంటే క్రౌన్‌తో, ఎవర్నైనా గురిపెట్టి గట్టిగా గుద్దితే టార్గెటింగే. 9-1-4 మాత్రం డిఫెన్స్‌లెస్ ప్లేయర్‌కే (తనని తాను కాపాడుకోలేని స్థితిలో ఉన్నవాడికి), వాడి తలకో మెడకో గురిపెట్టి దేంతో గట్టిగా కొట్టినా 15 గజాలు, పైగా ఆటలోంచి బయటికి. పాస్ విసురుతున్న క్యూబీ, కాళ్ళు ముందుకి చాపి స్లైడ్ అయినవాడు ఈ లిస్ట్‌లో ఉన్నారు. ఇతను ఆ రెండూ చెయ్యలేదు కదా, మామూలు రన్నర్ కిందే లెక్క అని మావాడి వాదన. అలాగైతే క్యూబీ సేఫ్టీ అని ఇంత హడావుడి ఎందుకో (ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ రూల్స్ తెచ్చి చూపిస్తే ఇక్కడ చెల్లవురా అన్నాడు, అది కరెక్టే).

అయినా ఒక్కటి తేలట్లేదు: పాకెట్ (తన టీమ్ బ్లాకర్లు కాపాడే చోటు) వదిలేసి, స్లైడ్ అవ్వకుండా పరిగెత్తే క్యూబీకి 9-1-3 ఒక్కటే వర్తిస్తుందా, లేక ఏదైనా పరిస్థితిలో 9-1-4 కూడా పడుతుందా?