పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడికి కోచ్‌గా నేరుగా పెద్ద క్లబ్ అప్పగించడం తప్పా?

కార్నర్‌కిక్:
ఇటలీ మేటి ఆటగాడు పిర్లో సంగతి గుర్తుందా? 2020 జులై 30న ఇటలీ క్లబ్ యువెంటస్ అతన్ని అండర్-23 జట్టుకి కోచ్‌గా పెట్టింది. తొమ్మిది రోజులు తిరిగేసరికి మొదటి జట్టు కోచ్ మౌరిజియో సారీని తీసేసి, ఆ జట్టునే పిర్లో చేతిలో పెట్టేసింది. అండర్-23తో పిర్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడించలేదు! వరసగా తొమ్మిదిసార్లు లీగ్ గెలిచిన క్లబ్ ఆ సీజన్‌లో నాలుగో స్థానానికి జారింది. ఆ నాలుగైనా ఆఖరి రోజు నాపోలి గెలవకపోబట్టి దక్కింది. ఏడాది నిండకుండానే ఉద్యోగం పోయింది. మైదానంలో ఎంత మొనగాడైనా ముందు చిన్న జట్టుతో రెండు మూడేళ్లు తంటాలు పడాలని నేనంటాను. కాదనేవాళ్లు రండి.

ఎడమకాలు:
పిర్లోని మరీ అలా తీసిపారేయకండి. ఆ సీజన్‌లోనే ఇటలీ కప్పులైన కోపా ఇటాలియా, సూపర్ కప్ రెండూ గెలిచాడు. సరే, డల్‌గ్లీష్‌ని ఏం చేస్తారు? 1985లో ఇంగ్లండ్ క్లబ్ లివర్‌పూల్ ఆయన్ని ఆడుతుండగానే మేనేజర్‌ని చేసింది. అంతకుముందు ఏ జట్టునీ నడిపినవాడు కాదు. మొదటి సీజన్‌లోనే లీగ్, ఎఫ్‌ఏ కప్ రెండూ వచ్చాయి. లీగ్ ఖాయం చేసిన చెల్సీ మ్యాచ్‌లో గోల్ కొట్టింది కూడా ఆయనే. జర్మనీ మేటి ఆటగాడు బెకెన్‌బావర్ 1984లో పశ్చిమ జర్మనీ జట్టు పగ్గాలు పట్టేనాటికి కోచింగ్ లైసెన్సే లేదు. 86లో ఫైనల్, 90లో ప్రపంచకప్.

బూట్‌లేసు:
డల్‌గ్లీష్ ఒంటరిగా దిగలేదు కదండీ. సలహాదారుగా పక్కన బాబ్ పెయిస్లీ ఉన్నాడు. ఆయన 1939లో ఆటగాడిగా ఆ క్లబ్‌కి వచ్చి, తర్వాత ఫిజియో, కోచ్ అయ్యి, మేనేజర్‌గా మూడు యూరోపియన్ కప్పులు (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) తెచ్చినవాడు. లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో బూట్లు పెట్టుకునే చిన్న గదిలో కోచ్‌లంతా కూర్చుని ఆట గురించి మాట్లాడుకునేవాళ్లు. ఆ గదే పెద్ద బడి. ఇంగ్లండ్ మాజీ ఆటగాడు గ్యారీ నెవిల్‌కి స్పెయిన్ క్లబ్ వాలెన్సియాలో అలాంటిది ఏముంది? 2015 డిసెంబరులో హెడ్ కోచ్‌గా వెళ్లాడు, స్పానిష్ రాదు. లీగ్‌లో 16 మ్యాచ్‌లకి 3 విజయాలు. బార్సిలోనా చేతిలో 7-0. నాలుగు నెలలు కూడా నిలవలేదు.

ఎడమకాలు:
చిన్న సవరణ. నెవిల్‌కి అనుభవం లేదనకండి, 2012 నుంచి ఇంగ్లండ్ జట్టుకి అసిస్టెంట్. తమ్ముడు ఫిల్ కూడా అప్పటికే వాలెన్సియాలో ఉన్నాడు. మరి మీ లెక్క ఎక్కడ తప్పింది?

కార్నర్‌కిక్:
అసిస్టెంట్ సలహా ఇచ్చి ఇంటికెళ్లి పడుకుంటాడు బ్రో. ఎవర్ని బెంచ్ మీద కూర్చోబెట్టాలో తేల్చి, ఆ మాట అతని ముఖం మీద చెప్పాల్సింది హెడ్ కోచ్. ఆ టెన్షన్ పక్క సీట్లో కూర్చుంటే తెలియదు.

హాఫ్‌టైమ్:
నేను పద్నాలుగేళ్ల పిల్లల జట్టుని చూసుకుంటాను. ఒకసారి బాగా ఆడే మిత్రుణ్ని పిలిచాను. వెనక మనిషి ఉండగా బంతి ఎలా అందుకోవాలో చూపించమన్నాను. అద్భుతంగా చూపించాడు. "ఎలా చేశావన్నా?" అని ఒక పిల్లాడు అడిగితే, "అదే వచ్చేస్తుంది రా" అన్నాడు. పిల్లలు ముఖాలు చూసుకున్నారు. బంతి రాకముందే రెండుసార్లు భుజం మీదుగా వెనక్కి చూశాడని నేను గమనించాను, అతను మాత్రం గమనించుకోలేదు! పెద్ద ఆటగాళ్లతో చిక్కు ఇక్కడే అనిపిస్తుంది. ఇటలీ కోచ్ సాకీ పెద్ద స్థాయిలో ఎప్పుడూ ఆడలేదు, అయినా మిలాన్‌కి 1989, 90ల్లో యూరోపియన్ కప్పులు తెచ్చాడు.

ఎడమకాలు:
మంచి మాట. కానీ చిన్న జట్టు నడిపితే ఏం రుజువవుతుంది? స్పెయిన్ మాజీ ఆటగాడు షాబీ అలోన్సో అక్కడి క్లబ్ రియల్ సోసియెదాద్ బి జట్టుని 2021లో రెండో డివిజన్‌కి చేర్చాడు, మరుసటి ఏడాదే అది కిందికి పడిపోయింది. జిదాన్ రియల్ మాడ్రిడ్ రెండో జట్టు కాస్టియాతో ఏమీ గెలవలేదు, ఆ తర్వాత మాడ్రిడ్ మొదటి జట్టుతో వరసగా మూడు ఛాంపియన్స్ లీగ్‌లు. చిన్న జట్టు ఫలితాలు చూసి ఎంచుకుంటే ఇద్దరికీ ఉద్యోగం రాదు.

కార్నర్‌కిక్:
ఫలితాల కోసం కాదు నేనంటున్నది. అలోన్సో జట్టు కిందికి పడ్డప్పుడు ఎంతమంది చూశారు? అదే ఓటమి పెద్ద క్లబ్‌లో అయితే రెండో అవకాశం ఉండేదా? 2022 అక్టోబరులో జర్మనీ క్లబ్ లెవర్కూసెన్ 18 జట్లలో 17వ స్థానంలో ఉండగా తీసుకున్నాడు. 2023-24లో 34 లీగ్ మ్యాచ్‌లు, ఓటమి సున్నా. తర్వాత మాంచెస్టర్ యునైటెడ్‌ని నడిపిన ఫెర్గూసన్ 1974లో స్కాట్లండ్ చిన్న క్లబ్ ఈస్ట్ స్టిర్లింగ్‌షైర్‌కి మేనేజర్‌గా వెళ్తే జట్టులో గోల్‌కీపరే లేడట. తర్వాత అక్కడి మరో క్లబ్ సెయింట్ మిరెన్ వాళ్లు ఉద్యోగం పీకేశారు కూడా. ఎవరూ పట్టించుకోని చోట తప్పులన్నీ చేసేసుకున్నాడు.

ఎడమకాలు:
సగం ఒప్పుకుంటాను. అయినా తప్పు యువెంటస్ బోర్డుది, పిర్లోది కాదు. అలాంటి ఫోన్ నీకొస్తే వద్దంటావా?

కార్నర్‌కిక్:
రెండో రింగ్‌లోపే ఎత్తుతాను.