మేనకోడలు 'బ్రదర్' అయింది: ఫ్రటర్నిటీకి తెలుగు మాటేది?

అమెరికాలో బిజినెస్ చదువుతున్న మా మేనకోడలు నిన్న ఫోన్ చేసి "మామయ్యా, నేను బ్రదర్‌నయ్యాను" అంది. కంగారుపడ్డాను. తీరా చూస్తే 'డెల్టా సిగ్మా పై' అనే ఫ్రటర్నిటీలో, అంటే బిజినెస్ చదివేవాళ్ళ సంఘంలో చేరిందట. అక్కడ ఆడైనా మగైనా అందరూ 'బ్రదర్సే'నట. వాళ్ళమ్మకి చెప్పబోయి 'సోదర సంఘం' అన్నాను. "మరి ఆడపిల్లనెలా చేర్చుకున్నార్రా?" అంది అక్క. సరైన మాట చెప్పి పుణ్యం కట్టుకోండి.

— రాజ్యాంగ పీఠికలో ఉండనే ఉందిగా, సౌభ్రాతృత్వం. (సౌభ్రాత్రం చాలు, పైన ఆ 'త్వం' తోకెందుకని పండితులు గొణుగుతారు, అది వేరే గొడవ.) లాటిన్ 'ఫ్రాతెర్', మన 'భ్రాతృ' ఒకే మూలం నుంచి వచ్చినవి.

— అది గుణం పేరు మాస్టారూ, సంఘం పేరు కాదు. "సౌభ్రాతృత్వంలో చేరాను" అంటే నవ్వరూ! అసలు చిక్కంతా ఆ సంఘాల చరిత్రలోనే ఉంది. న్యూయార్క్ యూనివర్సిటీ కామర్స్ స్కూల్లో 1904లో ఆల్ఫా కప్పా సై పుట్టింది. అక్కడే 1907 నవంబర్ 7న నలుగురు కుర్రాళ్ళు డెల్టా సిగ్మా పై పెట్టారు. అప్పట్లో వీటిలో అందరూ మగపిల్లలే కాబట్టి 'బ్రదర్' అంటే బ్రదరే. ఆడపిల్లలు 1924లో ఫై కై థీటా అని వేరుకుంపటి పెట్టుకున్నారు. 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చింది: ప్రభుత్వ సొమ్ము తీసుకునే చదువుల్లో ఆడా మగా తేడా చూపకూడదు. స్నేహం, కాలక్షేపం కోసం నడిచే సోషల్ ఫ్రటర్నిటీలకి తర్వాత మినహాయింపు దొరికింది గానీ, ఇలాంటి వృత్తి సంఘాలకి దొరకలేదు. 1975లో డెల్టా సిగ్మా పై ఆడపిల్లల్ని చేర్చుకుంది. తలుపు తీశారు, పిలుపు మాత్రం మార్చలేదు.

— 'తోబుట్టువుల సంఘం' అంటే? తోడబుట్టినవాళ్ళెవరైనా తోబుట్టువులే. లింగం గొడవే లేదు.

— నిఘంటువు మాటెలా ఉన్నా, మా ఊళ్ళో తోబుట్టువంటే అక్కో చెల్లెలో. "తోబుట్టువుకి చీర పెట్టాలి" అంటాం, తమ్ముడికి పెడతామా?

— మొదట అడిగినవాణ్ణే. రాత్రి అక్కకి 'తోబుట్టువుల సంఘం' అనే చెప్పాను. కాసేపాగి, "అందులో మగపిల్లలు కూడా ఉన్నారట్రా?" అంది.